గోల్స్ కరువా, రక్షణ లోపమా?

ప్రశ్న: 2023-24 ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫుట్‌బాల్‌లో మన బెంగళూరు ఎఫ్‌సీ 12 జట్లలో 10వ స్థానానికి పడిపోవడానికి డిఫెండర్లే కారణమని మారతహళ్లిలో నాతో ఉంటున్న మిత్రుడు వాదిస్తున్నాడు, నేను ఫార్వర్డ్‌లను తప్పుపడుతున్నాను. ఎవరి మాట సరైనదండీ?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: 22 మ్యాచ్‌లలో 34 గోల్స్ సమర్పించుకున్న రక్షణను వెనకేసుకురావడం కష్టమే, కంఠీరవ స్టేడియంలో ముంబయి చేతిలో 0-4తో ఓడిన రాత్రిని నేనింకా మరచిపోలేదు. అయినా మీ వైపే మొగ్గుతాను. చేసినవి 20 గోల్సే, అంటే మ్యాచ్‌కు ఒక్కటైనా లేదు. ముందువరుస బంతిని నిలుపుకోలేక పదేపదే పోగొట్టుకుంటే, గోల్ కోసం మిడ్‌ఫీల్డర్లు ముందుకు వెళ్లగా మిగిలిన ఖాళీల్లోంచే ప్రత్యర్థులు ఎదురుదాడికి దిగుతారు, ఆ భారమంతా డిఫెండర్ల మీద పడుతుంది. 39 ఏళ్ల సునీల్ ఛేత్రి మీదే గోల్స్ కోసం ఇంకా ఆశలు పెట్టుకోవలసి రావడం నన్ను నిజంగా బాధించింది.