సంక్షేమ పథకాలు ఇస్తే అది సోషలిజమేనా?

రేషన్ బియ్యం, పెన్షన్లు, ఆరోగ్యశ్రీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇన్ని ఇస్తున్నాక మనది సోషలిజం కాక మరేంటని ఒకరు అడిగారు. కాదనే నేనంటాను. వీటిలో చాలావరకు మా ఇంట్లో వాడుకున్నవే కాబట్టి ఆ డబ్బు ఎవరికి చేరిందో దగ్గర్నుంచి చూశాను.

నా ఇంజనీరింగ్ ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే గడిచింది. ఫీజు కట్టింది ప్రభుత్వం. కాలేజీ మాత్రం ప్రైవేటు యాజమాన్యానిదే. ఏ బ్రాంచి పెట్టాలి, లెక్చరర్‌కి ఎంతివ్వాలి, అన్నీ వాళ్ల నిర్ణయాలే. ప్రభుత్వం నుంచి డబ్బు రావడం ఆలస్యమైతే మా సర్టిఫికెట్లు ఆపిందీ వాళ్లే. తర్వాత నాన్నకు గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో జరిగింది. 2007లో వైఎస్ రాజశేఖరరెడ్డి మొదలుపెట్టిన పథకం అది. ఆపరేషన్‌కి ఇంత అని ప్యాకేజీ కట్టి ప్రభుత్వం ఆ ప్రైవేటు ఆస్పత్రికి చెల్లించింది. నాన్న మాకు దక్కారు, ఆ రుణం ఎప్పటికీ తీరేది కాదు. కానీ ఆస్పత్రి ఎవరిదో వాళ్లదే, అందులో మిగిలిన లాభం కూడా వాళ్లదే.

సోషలిజం అడిగేది సరిగ్గా ఆ సంగతే. పొలం, గని, ఫ్యాక్టరీ ఎవరివి? వాటిని నడిపేదెవరు, మిగులు ఎవరికి పోతుంది? బిల్లు ఎవరు కట్టారన్నది దాని తర్వాతి మాట.

మా మేనమామ సింగరేణిలో పనిచేశారు. అందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. కార్మికులకు లాభాల్లో వాటా ఇస్తారు, ఆ డబ్బు కోసం మామయ్య ఇంట్లో అందరూ ఎదురుచూసేవాళ్లు. సోషలిజం ఛాయలు వెతకాలంటే రేషన్ షాపులో కంటే అక్కడే ఎక్కువ కనిపిస్తాయి. అయితే ఏ గని తెరవాలో, ఏది మూయాలో కార్మికులు తేల్చరు కాబట్టి దాన్ని కూడా పూర్తి సోషలిజం అనలేను. 1956లో మొదలైన ముల్కనూరు సహకార సంఘంలో సభ్యులైన రైతులే యజమానులు. నా దృష్టిలో ఆ ఆలోచనకు ఇంకా దగ్గరిది అదే.

చరిత్ర చూసినా ఇంతే. జర్మనీ ఛాన్సలర్ (ప్రధాని లాంటి పదవి) బిస్మార్క్ 1878లో సోషలిస్టుల సభలను, పత్రికలను నిషేధించాడు. అదే బిస్మార్క్ 1883లో కార్మికులకు ఆరోగ్య బీమా, 1889లో వృద్ధాప్య పెన్షన్ చట్టాలు తెచ్చాడు. కార్మికులు సోషలిస్టుల వైపు వెళ్లకుండా ఆపాలన్నది అందులో పెద్ద కారణం.

రాజ్యాంగ ప్రవేశికలో 'సామ్యవాద' అనే మాట ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. 1976లో 42వ సవరణతో చేర్చారు, నిజమే. కానీ 1991 తర్వాత ప్రైవేటు రంగానికి తలుపులు బార్లా తెరిచిన కాలంలోనే ఉపాధి హామీ చట్టం (2005), ఆహార భద్రతా చట్టం (2013) వచ్చాయి. మార్కెట్, సంక్షేమం రెండూ కలిసే పెరిగాయి.

అందుకే ఉచిత బియ్యాన్ని సోషలిజం అని తిట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది, అదే సోషలిజం అని సంబరపడటం కూడా అంతే. ఆరోగ్యశ్రీ ప్రభుత్వాస్పత్రుల్లోనూ ఉంది. అయినా మా జిల్లా ఆస్పత్రిలో ఆ ఆపరేషన్ చేసే ఏర్పాటు లేక నాన్నను హైదరాబాద్ తీసుకెళ్లాల్సి వచ్చింది. ప్యాకేజీలకు పోసే డబ్బులో కొంతైనా జిల్లా ఆస్పత్రులకు మళ్లించాలని నేను గట్టిగా కోరుకుంటాను.