‘ఐల్’లో పలకని ఎస్

ప్రశ్న: విమానంలో కిటికీ సీటు వద్దంటే నడిచే దారి పక్కనుండే ‘ఐల్’ సీటు ఇస్తారు. రాసేటప్పుడు ఏ-ఐ-ఎస్-ఎల్-ఈ. పలకని ఆ ఎస్ ఎక్కడిది? ద్వీపం అనే అర్థమున్న ‘ఐల్’తో దీనికి చుట్టరికం ఉందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చుట్టరికం లేదు. ఉందని పొరబడడం వల్లే ఆ ఎస్ వచ్చి చేరింది. లాటిన్‌లో ‘ఆలా’ అంటే రెక్క. అది ఫ్రెంచి మీదుగా మధ్యయుగపు ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పట్లో దీన్ని ‘ఈ-ఎల్-ఈ’ అనీ, ‘ఐ-ఎల్-ఈ’ అనీ రాసేవారు. రెండోది అచ్చం ద్వీపం మాటలాగే ఉండేది. ద్వీపానికి మూలమైన లాటిన్ ‘ఇన్సులా’లో ఎస్ ఉంది కాబట్టి పండితులు ఆ మాటకు ఎస్ చేర్చారు. పక్కనున్న దీనికీ అది అంటుకుంది. తర్వాత ఫ్రెంచి మాటను చూసి ముందు ఏ తగిలించారు. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువులోనే ఈ ఎస్ సరికాదేమోనని రాశాడు. అయినా అది పోలేదు. ‘ఐలండ్’లోని ఎస్ కూడా ఇలా దొంగదారిన వచ్చిందే, ఆ మాట పాత ఇంగ్లీషుది, దానికి ‘ఇన్సులా’తో సంబంధమే లేదు.

అర్థం మారిన తీరు ఇంకా ఆసక్తికరం. పాత పెద్ద చర్చిలలో నడిమి విశాలమైన భాగం ‘నేవ్’. దానికి ఇరుపక్కలా, స్తంభాల వరుసల అవతల రెక్కల్లా ఉండేవి ఐల్స్. వాస్తుశిల్పులు ఇప్పటికీ ఈ తేడా పాటిస్తారు. చర్చి పెళ్లిలో పెళ్లికూతురు ‘ఐల్’లో నడిచివస్తుందని ఇంగ్లీషులో అంటారు గానీ, ఆ లెక్కన ఆమె నడిచివచ్చేది నేవ్‌లోనే. సందు అనే అర్థమున్న ‘ఆలీ’తో కలగాపులగమై, బల్లల వరుసల మధ్య దారికి ఈ పేరు స్థిరపడింది. అక్కడినుంచి థియేటర్లకు, రైళ్లకు, సూపర్‌మార్కెట్లకు పాకింది. ఈ వాడుకను తప్పనడానికి లేదు.

అనువాదకులు ఒకచోట జాగ్రత్తపడాలి. అమెరికా కాంగ్రెస్‌లో రెండు పార్టీల సభ్యులు నడిమి ఐల్‌కు చెరోపక్క కూర్చుంటారు. ‘ఐల్ దాటి చెయ్యి చాచడం’ అంటే అవతలి పార్టీతో కలిసి పనిచేయడం. బ్రిటన్‌లో ‘ఫ్లోర్ దాటడం’ అంటే పార్టీ ఫిరాయించడం. మొదటిదాన్ని రెండోదిగా రాస్తే వార్త తలకిందులవుతుంది.