సింహం బొమ్మ తీసెయ్యి, రిజిస్టరు తెరువు

అమలాపురం

అమ్మాయీ,

ఆశీస్సులు. మీ వంశం గురించి రాస్తున్న పుస్తకంలోంచి నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. మీ నాయనమ్మగారి మాటతీరు చక్కగా పట్టుకున్నావు, దాన్ని ముట్టుకోకు. నా అభ్యంతరమల్లా మొదటి పేజీలో సింహం బొమ్మ ఉన్న డాలుతోనే. నెట్‌లో మీ ఫ్రెంచి ఇంటిపేరు కొడితే దొరికిన ఆ బొమ్మని "మా వంశ చిహ్నం" అని రాశావు. అలా రాయకూడదు.

యూరప్‌లో ఆ చిహ్నాలు ఇంటిపేరును బట్టి రావు. ఇంగ్లండులో ఒక మనిషికి ఇస్తారు, అతని మగ సంతతి వాడుకుంటుంది. అదే ఇంటిపేరున్న వేరే కుటుంబానికి హక్కుండదు. లండన్‌లో 1484లో మొదలైన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ ఇప్పటికీ ఆ వ్యవహారం చూస్తోంది. ఫ్రాన్సులో మామూలు వర్తకుడు కూడా చిహ్నం పెట్టుకోవచ్చు. 1696లో అక్కడి రాజు పద్నాలుగో లూయీ యుద్ధాల ఖర్చుకు డబ్బు చాలక, చిహ్నాలున్నవాళ్లు రుసుము కట్టి నమోదు చేయించుకోవాలని శాసనం చేశాడు. లేనివాళ్లకు కూడా ఏదో ఒకటి అంటగట్టి కట్టించుకున్నారు. కాబట్టి ఆ జాబితాలో మీ పేరు కనబడినా, మీ పూర్వీకులు ప్రభువులని తేలదు.

మన వేంగి చాళుక్యుల రాగిశాసనాల ముద్ర మీద వరాహం, "శ్రీ త్రిభువనాంకుశ" అనే బిరుదు ఉంటాయి. అది రాజముద్ర. మామూలు ఇళ్లవాళ్లకు ఇంటిపేరు, గోత్రం, ఇలవేల్పు ఉండేవి. వాటినీ తొందరపడి నమ్మకు. మీ అమ్మమ్మగారు వేమవరపువారు కనుక వాళ్లది కోనసీమలోని ఫలానా వేమవరమేనని తేల్చేశావు. ఊరి పేరు ఇంటిపేరయ్యేది సాధారణంగా ఆ ఊరు వదిలి వచ్చాకే. పైగా ఆ పేరుతో ఉన్నది ఒక్క ఊరు కాదు. పాత దస్తావేజుల్లో పొలం హద్దులు, సాక్షుల పేర్లు చూస్తే ఎటునుంచి వచ్చారో కొంత తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. కాగితాలన్నీ తుపానులో పోయాయని మీవాళ్లు అన్నారని రాశావు. మన లంకల్లో ఆ మాట వినని ఇల్లుండదు. 1839 తుపాను కోరంగి రేవును ఎలా నాశనం చేసిందో నీకు తెలుసు. కానీ 1776 నాటి ఫ్రెంచి రాజశాసనం ప్రకారం వలస రాజ్యాల్లోని జనన, వివాహ, మరణ రిజిస్టర్లకు ఒక ప్రతి ఫ్రాన్సుకు పంపాల్సి ఉండేది. అలా మిగిలిన యానాం రిజిస్టర్లు ఫ్రాన్సులో ఎక్స్-అన్-ప్రోవాన్స్ ఊళ్లోని విదేశీ భూభాగాల దస్తావేజుల భాండాగారంలో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. పెళ్లి నమోదు దొరికితే పెళ్లికూతురి వయసు, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డయితే జనన నమోదు వెతుకు. తల్లి పేరు ఒక్క ముక్కే ఉండొచ్చు, ఇంటిపేరు లేకుండా. ఆమె దగ్గర ఆగు. ఆమె ఏ ఊరిదో, ఏం పనిచేసేదో వెతుకు. నీ పుస్తకంలో ఫ్రెంచివాడనుకుంటున్న తెల్ల ముత్తాతగారికి బోలెడన్ని పేజీలిచ్చి, ఆమెని ఒక్క వాక్యంలో దాటేశావు. అది నాకు చాలా బాధ కలిగించింది.

ఇంకొకటి కూడా మనసులో పెట్టుకో. 1881 డిక్రీ ప్రకారం ఫ్రెంచి ఇండియాలోని మనవాళ్లు తమ కుల, మత ఆచారాల చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ చట్టం కిందికి వెళ్లే వీలుండేది. అలా వెళ్లినవాళ్లు కొత్తగా ఇంటిపేరు పెట్టుకోవాల్సి వచ్చేది. అంటే నువ్వు ఫ్రాన్సులోని బ్రిటనీ నుంచి వచ్చాడనుకుంటున్న ముత్తాత, అచ్చంగా గోదావరి మనిషే అయ్యుండొచ్చు! అదే నిజమైతే దాచకు, చిన్నబుచ్చుకోకు. తన పేరు తానే ఎంచుకున్న మనిషి గురించి రాసే అవకాశం అందరికీ రాదు. ఎందుకు ఎంచుకున్నాడు, ఇంట్లో ఎవరు ఒప్పుకోలేదు, అన్నదమ్ముల్లో ఎవరు పాత పేరుతోనే ఉండిపోయారు, ఇవన్నీ అడుగు.

రుజువు దొరికినది రుజువుగా, ఇంట్లో చెప్పుకునేది ఇంట్లో చెప్పుకునేదిగా రాయి. రెండూ కలిపేయకు. సింహం తీసేసి రెండో అధ్యాయం మళ్లీ రాసి పంపు. నమోదు కాపీ దొరికితే అదీ జతచెయ్యి. పాత ఫ్రెంచి చేతిరాత చదవగలిగినవాళ్లు యానాంలో ఒకరిద్దరు నాకు తెలుసు, నేను అడిగి పెడతాను.