కర్రను మరిగించాలా, ఉడకబెట్టాలా?

సందేహం: మాస్టారూ, మేం చెన్నై కొళత్తూరులో ఉంటాం. ఇక్కడ రంగు చేపల దుకాణాలు ఎక్కువ కాబట్టి మా కాలనీ తెలుగువాళ్లలో చాలామందికి అక్వేరియం పిచ్చి పట్టుకుంది. డ్రిఫ్ట్‌వుడ్‌ను, అంటే అక్వేరియంలో అందం కోసం పెట్టే కర్రను, తొట్టిలో పెట్టేముందు ఏం చేయాలో వాళ్ల కోసం తెలుగులో ఒక పేజీ రాశాను. 'తేలుడు కట్టెను నయం చేయడం' అని పేరు పెట్టి, 'తాజా కట్టె వాడరాదు. కట్టెను బాగా తోమి, రెండు గంటలు మరిగించవలెను. టానిన్లు విడుదల చేయబడతాయి' అని రాస్తే, మా నాన్నగారు చదివి "కట్టెను మరిగించడమేమిట్రా, ఉడకబెట్టడం అనాలి" అన్నారు. ఏది సరైనది? తర్వాత దానిమీద తెల్లగా వచ్చేదాన్ని పాచి అనాలా, బూజు అనాలా?

సమాధానం: మీ నాన్నగారిదే రైటు. తెలుగులో మరిగేవి నీళ్లు, పాలు, చారు, కషాయం. ఉడికేవి బియ్యం, పప్పు, గుడ్లు, దుంపలు. అంటే ద్రవం మరుగుతుంది, అందులో వేసిన గట్టి వస్తువు ఉడుకుతుంది. ఇది వంటకే పరిమితమైన మాట కూడా కాదు. పసుపు కొమ్ములు తవ్వాక ఉడకబెట్టి ఎండబోస్తారు, సోడా వేసి బట్టలు ఉడకబెడతారు, కాబట్టి కర్రను కూడా నిక్షేపంగా ఉడకబెట్టవచ్చు. 'కర్రను నీళ్లలో వేసి రెండు గంటలు మరిగించాలి' అంటే మాత్రం తప్పు పట్టలేం, అక్కడ మరిగేది నీళ్లేనని వినేవాడికి తెలుస్తుంది. ఉత్త 'కర్రను మరిగించాలి' అంటేనే చెవికి అడ్డం తగులుతుంది.

అయితే ఉడకబెట్టడంలో ఒక చిక్కుంది, అది మీ పేజీ చదివేవాళ్లకు పనికొస్తుంది. ఉడకడం అనగానే మనకు మెత్తబడటం గుర్తొస్తుంది, ఉడికిందో లేదో నొక్కి చూస్తాం కదా. కర్రను అంతదూరం తీసుకెళ్లకూడదు, గంటల తరబడి ఉడికితే పీచు సడలి తొట్టిలో తొందరగా చివికిపోతుంది. అందుకే 'గంట నుంచి రెండు గంటలు, మధ్యలో నీళ్లు మారుస్తూ' అని గడువు పెట్టి రాయండి. ఉడకబెట్టేది లోపలి బూజు, పురుగు గుడ్లు చావడానికి, రంగు కొంత ముందే దిగిపోవడానికి, కర్ర నీళ్లు తాగి బరువెక్కడానికి. వంకాయలు నూనె తాగుతాయి, గోడ వాన నీళ్లు తాగుతుంది, అలాగే కర్ర నీళ్లు తాగుతుంది. 'నీటిని శోషించుకుంటుంది' అని పాఠ్యపుస్తకంలా రాయనక్కర్లేదు. గిన్నెలో పట్టనంత పెద్దదైతే వేడినీళ్లు పైన పోసి, బకెట్లోనో డ్రమ్ములోనో వారం రెండు వారాలు నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉండమనండి. ఇక్కడ కొందరు 'ఊరబెట్టాలి' అని రాస్తున్నారు. ఊరేది పచ్చడి, ఉప్పూ కారం ముక్కకు పట్టడం ఊరడం. ఉత్త నీళ్లలో నానబెడతాం.

ఇక 'తోమి' అన్న మాటతో జాగ్రత్త. మాట తప్పు కాదు, కానీ తోమడం అంటే మన ఇళ్లలో గిన్నెలు, గిన్నెలంటే సబ్బు. మీ పేజీ చదివిన ఏ అత్తయ్యగారో సింకు దగ్గరికి తీసుకెళ్లి పచ్చ సబ్బు రాసి శుభ్రంగా తోమేస్తే, ఆ సబ్బు కర్ర లోపలికి ఇంకి తర్వాత చేపల ప్రాణం మీదికి వస్తుంది. 'సబ్బు లేకుండా గట్టి బ్రష్షుతో రుద్ది కడగాలి' అని విడమరిచి చెప్పండి. బెరడు ఉంటే ఒలిచేయాలి, గోటితో నొక్కితే దిగబడే చోటు పుచ్చు, దాన్ని గీకేయాలి. రుద్దడం, ఒలవడం, గీకడం, మూడూ వేరు వేరు పనులు. మూటగట్టి 'శుభ్రపరచాలి' అంటే చదివినవాడు కుళాయి కింద ఒకసారి తిప్పి ఊరుకుంటాడు.

'తాజా కట్టె' అన్నారు. తాజా అనేది కూరగాయలకు, వార్తలకు. చెట్టునుంచి అప్పుడే కొట్టిన కర్ర పచ్చికర్ర. లోపల పసరు, జిగురు ఉంటాయి కాబట్టి తొట్టికి పనికిరాదు. పచ్చి అన్న మాటలో అదంతా వచ్చేస్తుంది. కట్టె అన్నది మీకు కొళత్తూరు దుకాణంలో అంటుకుని ఉంటుంది, తమిళంలో కట్టై అంటే చెక్కముక్కా, మొద్దూ అన్నీ అవుతాయి. మనకు మాత్రం కట్టె అనగానే పొయ్యి, లేదంటే కాడు. దుంగ అంటే ఎర్రచందనం వార్తల్లో లారీకెక్కేంత సైజు, కలప అంటే డిపోలో కొలిచి అమ్మేది. తొట్టిలోకి కర్ర చాలు. లావుగా ఉంటే మొద్దు, పాయలు పాయలుగా ఉంటే వేరు.

'తేలుడు' అసలు వద్దు. తొట్టిలో పెట్టేవాడి బాధంతా అది తేలకూడదనే. గోదావరి వరదకు కొట్టుకొచ్చే దుంగలున్నాయే, వాటిని 'కొట్టుకొచ్చిన కర్ర' అంటాం, డ్రిఫ్ట్‌వుడ్‌కు సరిగ్గా సరిపోయే మాట. కానీ దుకాణంలో ఆ పేరుతో అమ్మేవాటిలో చాలావాటికి ఏటి మొహం తెలియదు. స్పైడర్‌వుడ్ అనేది పొద వేరు, మొదట్లో తేలుతుంది, నానేదాకా రాయికి కట్టి ముంచి ఉంచాలి. మొపానీ ఆఫ్రికా చెట్టు, బరువుకే చాలావరకు మునుగుతుంది. మెరీనాలోనో ఎలియట్స్ బీచ్‌లోనో ఏరుకొచ్చిన కర్రకు 'కొట్టుకొచ్చిన' మాట చక్కగా అతుకుతుంది కానీ, దాన్నిండా ఉప్పు, మంచినీళ్ల తొట్టికి పనికిరాదు. ఇన్ని తిరకాసులున్న పేరును అనువదించి ప్రయోజనం లేదు. శీర్షికలో డ్రిఫ్ట్‌వుడ్ అనే ఉంచి, లోపల కర్ర అని రాయండి. 'నయం చేయడం' రోగానికి, కర్రకేం జ్వరం రాలేదు. 'సిద్ధం చేయడం' అంటే సరి.

టానిన్ మీద నాకు పేచీ లేదు, 'విడుదల చేయబడతాయి' మీదే ఉంది. ఎవరో వచ్చి గేటు తీసినట్టు ఆ 'బడు' ఎందుకు? టానిన్ అంటే మనకు తెలిసిన వగరే, అరటికాయలో, వక్కలో, నేరేడు పండులో నాలుకను పట్టేసేది. శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచేది ఆ వగరు కోసమే, ఇనుము కలిసిన రంగు దానిమీద పడగానే నల్లబడుతుంది. (ఆ లెక్కన కర్రను ఇనుప మూకుడులో ఉడకబెట్టకపోవడం మేలు, పాత స్టీలు గిన్నె చాలు, దాన్ని మళ్లీ వంటకు వాడొద్దు.) ఫిల్టర్లో డికాక్షన్ దిగినట్టే కర్రలోంచి సారం నీళ్లలోకి దిగుతుంది. 'కర్ర రంగు వదులుతుంది, నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, చేపలకు హాని లేదు' అని రాయండి, సరిపోతుంది. ఆ రంగు నచ్చనివాళ్లు తొట్టి ఫిల్టర్లో యాక్టివేటెడ్ కార్బన్ (రంగును పీల్చేసే బొగ్గు) వేసుకుంటారు. నీళ్ల పీహెచ్ కూడా కాస్త తగ్గుతుంది, అంటే నీళ్లు కొంచెం ఆమ్లం వైపు తిరుగుతాయి, కానీ సున్నం ఎక్కువున్న బోరు నీళ్లు పోసే ఇళ్లలో ఆ తేడా కనిపించదు.

చివరిది. కొత్త కర్రమీద మొదటి వారాల్లో తెల్లగా, దూదిలా, జిగటగా వచ్చేది బూజు. పచ్చగా, కాలేస్తే జారేలా పట్టేది పాచి. పోగుల్లా పెరిగి నీళ్లలో ఊగేది నాచు. మీరడిగింది బూజే. అది చేపలకు ప్రమాదం కాదు, కొన్నాళ్లకు దానంతటదే పోతుంది, తొట్టిలో రొయ్యపిల్లలో నత్తలో ఉంటే అవే తినేస్తాయి. 'బూజు దులపాలి' అని మాత్రం రాయకండి, అది గోడమీద సాలెగూటికి. నీళ్లలో ఉన్నదాన్ని బ్రష్షుతో రుద్ది తీసేయాలి.