అదే పాటమ్మా

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

బ్లడ్ ఇన్‌కాంటేషన్ అనే అమెరికా బృందం ఆల్బమ్ మీద నువ్వు పంపిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను; ఆ రెండు చదువుల మధ్య, నీ మాట మీద గౌరవంతో, ఆ ఆల్బమ్‌ను మూడుసార్లు విన్నాను. డెబ్భై దాటిన వాడికి డెత్ మెటల్ అనే ఆ గర్జనల రాక్ సంగీతం గురించి మాట్లాడే అర్హత ఏముందని నీకు అనిపించవచ్చు. సంగీతం సంగతి నాకంటె నీకే బాగా తెలుసు, అందులో పేచీ లేదు. వాక్యంతో మాత్రం నలభై ఏళ్ళుగా వేగుతున్నవాణ్ణి కనుక, ఆ చనువుతో నాలుగు మాటలు రాస్తున్నాను.

నన్ను పట్టి నిలిపిన చోటు ముందు చెబుతాను. నాలుగో పేజీలో బ్రాకెట్ల మధ్య ఇరికించిన ఒక్క వాక్యం అది. హెడ్‌ఫోన్ పాడైపోయి ఆ రోజు స్పీకర్‌లో పెట్టుకున్నావనీ, వంటింట్లోంచి ఆ రొద ఆపమని రెండుసార్లు కేకలేసిన మీ అమ్మగారు కాసేపటికి చేతిలో గరిటెతోనే గుమ్మం దాకా వచ్చి, "ఇంకో పాటెట్టీసినావేటిరా?" అని అడిగారనీ, నువ్వు "లేదమ్మా, అదే పాట" అన్నావనీ రాశావు. వెంటనే బ్రాకెట్ మూసేసి మళ్ళీ "ధ్వని విస్ఫోటనం"లోకి వెళ్ళిపోయావు. బాబూ, నీ పదకొండు పేజీలలో ఆ ఆల్బమ్ ఎలా ఉంటుందో నాకు తెలియజెప్పిన వాక్యం అదొక్కటే. విస్ఫోటనం అనే మాట తొమ్మిదిసార్లు వచ్చింది. ఒక్కసారి కూడా ఏమీ పేలలేదు.

మొదటి పేజీలోనే డెత్ మెటల్, ప్రోగ్రెసివ్ రాక్, క్రాట్‌రాక్, యాంబియెంట్, డూమ్ అని ఐదు పేర్లు వరుసగా పెట్టావు. ఆ సంగీతం తెలిసినవాడికి ఆ పేర్లు నువ్వు చెప్పక్కరలేదు. తెలియనివాడికి అవి మూత తియ్యని డబ్బాల మీద అంటించిన చీటీలు. బ్లడ్ ఇన్‌కాంటేషన్ వారు 2024 అక్టోబరులో విడుదల చేసిన 'ఆబ్సొల్యూట్ ఎల్స్‌వేర్'లో ఈ ఐదూ ఉన్నాయనడం నిజమే కావచ్చు, కానీ ఉన్నాయని తెలిసినంత మాత్రాన ఎవరూ దాన్ని మళ్ళీ మళ్ళీ వినరు. నువ్వు ఎందుకు వింటున్నావో నాకు తెలిసింది మీ అమ్మగారి ప్రశ్నలోంచి. ఆవిడ ఒక సంగీతం మీద విసుక్కున్నారు, మరొక సంగీతం విని గుమ్మం దాకా వచ్చారు, ఆ రెంటికీ మధ్య అతుకు ఎక్కడుందో ఆవిడకు తెలియలేదు. ఆ ఆల్బమ్ ఆకర్షణంతా ఆ అతుకు దగ్గరే ఉందని నాకు తోస్తున్నది. అందుచేత నీ వ్యాసం నిలబడవలసిన చోటు కూడా అదే.

నా వినికిడి ఎలా సాగిందో చెబితే నా మాట నీకు స్పష్టమవుతుంది. మొదటిసారి ఫోన్‌లోనే, దాని సొంత స్పీకర్‌లోనే విన్నాను. రైసు మిల్లు గుమ్మంలో నిలబడినట్టు ఉంది తప్ప ఇంకేమీ తెలియలేదు. మా మనవరాలు నవ్వి, ఆ చిన్న స్పీకర్‌లో కింది స్థాయి ధ్వనులు పలకవు తాతయ్యా, పెద్ద డ్రమ్ముకీ బేస్ గిటారుకీ అందులో చోటే లేదు అని చెప్పి తన హెడ్‌ఫోన్ ఇచ్చింది. (నీ వ్యాసంలో దేనితో వినాలో ఒక్క మాట కూడా లేదు. మా వయసు పాఠకులు కూడా చదవాలంటే అది మొదటి పేరాలోనే ఉండాలి.) రెండోసారి పెద్దచెరువు వైపు గాలి వచ్చే మా డాబా మీద, దీపం వెయ్యకుండా కూర్చుని విన్నాను. ఈసారి డ్రమ్ములు ఒకటొకటిగా వినిపించాయి. మీరు బ్లాస్ట్ బీట్ అంటారే, ఆ వేగంలో కొంతసేపటికి చెవి దెబ్బలను లెక్కపెట్టడం మానేస్తుంది. వేరువేరు దెబ్బలన్నీ కలిసి గరుకైన నేతబట్ట ఒకటి చెవికి రాసుకుంటున్నట్టు ఉంటుంది. ఆ గరుకుకు అలవాటు పడుతున్న సమయంలో, ముందుగా చెప్పాపెట్టకుండా, బట్ట తొలగిపోయింది. గిటారు తేటగా, తీరికగా పలకడం మొదలుపెట్టింది. అప్పటివరకూ నా దవడ బిగించి ఉన్నదని నాకు అప్పుడు తెలిసింది.

దవడ సంగతి గొప్ప పరిశీలన అని చెప్పడం లేదు. కానీ "తీవ్రమైన సంగీతం" అని నువ్వు రాసినప్పుడు నాకు కలగని నమ్మకం నా దవడ నాకు కలిగించింది. నీకు ఎక్కడ ఏమైందో రాయి. ఎన్నో నిమిషంలో వాల్యూమ్ తగ్గించబోయావు, ఎందుకు తగ్గించలేదు, ఆ నెమ్మది భాగం మొదలయ్యాక మొదట వినిపించిన వాద్యం ఏది, అంతకు ముందు నుంచి ఆగకుండా కొనసాగినది ఏదైనా ఉందా. ఆఖరి ప్రశ్నకు జవాబు వెతకడం కోసమే నేను మూడోసారి విన్నాను. మొత్తం 44 నిమిషాలకు దగ్గరగా సాగే ఆ ఆల్బమ్‌లో ఉన్నవి రెండే రచనలు, ఒక్కొక్కదానిలో మూడేసి ఫలకాలు, అంటే భాగాలు. ఆ ఆరు ఫలకాలలో ఉన్న అతుకులన్నీ ఒక్క రకంవి కావని అప్పుడు అర్థమైంది: కొన్ని చోట్ల కత్తితో కోసినట్టు ఉంటుంది, కొన్ని చోట్ల రంగు నానినట్టు ఒకటి ఇంకొకదానిలోకి దిగుతుంది. ఈ తేడా నీ వ్యాసంలో ఎక్కడా లేదు. నీ చెవికి ఇది అందలేదంటే నేను నమ్మను, రాయడానికి తొందరపడ్డావు.

ఆ తొందర నాకు కొత్త కాదు. నీ వయసులో, గజపతినగరం వైపు ఒక ఊళ్ళో పండుగకు తప్పెటగుళ్ళు ఆడుతున్నారని తెలిసి, ఒక వారపత్రిక కోసం రాద్దామని వెళ్ళాను. గుండెల మీద రేకు తప్పెటలు, కాళ్ళకు గజ్జెలు కట్టుకుని పదిహేను ఇరవై మంది గుండ్రంగా తిరుగుతూ అరచేతులతో వాయిస్తుంటే, ఆ మోత చెవికంటె ముందు పక్కటెముకలకు తెలుస్తుంది. ముందు వరుసలోని ఒక ఆటగాడికి తప్పెట తాడు ఒరిసి ఒరిసి మెడ మీద నల్లగా కాయకాసి ఉండటం పెట్రోమాక్స్ వెలుగులో చూశాను. ఆఖరి బస్సు పోతుందేమోనని పదకొండు గంటలకే లేచి వచ్చేశాను. పిడుగులనీ జడివాననీ ఉరుములనీ నీలాగే రాశాను, అచ్చయింది, మురిసిపోయాను. ఏడాది తరువాత ఆ బృందం నాయకుడు సంతలో కనిపించి, చాలా మర్యాదగా, "బాబూ, తమరు ఆకరిదాకా ఉన్నారు కాదేటి?" అని అడిగాడు. అర్ధరాత్రి దాటాక తప్పెటల మీద చేతులు ఆపేసి, ఉత్త గజ్జెల మీద ఒక మెల్లని పాట పాడతారట. ఆ ఊరి ఆడవాళ్ళు నిద్ర ఆపుకుని కూర్చునేది దాని కోసమేనట. నా వ్యాసంలో మోత ఉంది, దాన్ని ఆపిన క్షణం లేదు. ఆ కాయకాసిన మెడ కూడా లేదు. పత్రికలో రాయదగిన విషయం కాదనుకుని వదిలేశాను. ఇప్పుడు ఆ వ్యాసంలో ఒక్క వాక్యం గుర్తులేదు, మెడ గుర్తుంది.

ఆ ఆల్బమ్‌లోని గర్జించే గొంతు గురించి నువ్వు రాసిన పేజీ బాగుంది, కానీ సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు ఉంది. అది ఉత్త అరుపు కాదనీ, అసలు స్వరతంత్రులకు పైన ఉండే, మామూలు మాటలో పనిపడని మడతలను కదిలించి పలికించే సాధన అనీ చెప్పావు. అంతవరకు చాలు. ఆ వెంటనే "అందుచేత ఇదీ శాస్త్రీయమే" అని ఎందుకు? జముకుల కథ చెప్పేవారి పక్కన కూర్చుని, జముకు వాద్యం తీగను బిగించి వదిలినప్పుడు వచ్చే గుర్రుమనే నాదం విన్నవాడు ఏ కంఠానికీ యోగ్యతాపత్రం అడగడు. ఇదే కారణం చేత, ఎనిమిదో పేజీలో హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారిని సాక్ష్యానికి పిలవడం నాకు నచ్చలేదు. చేతులతో, కాళ్ళతో, శిరస్సుతో ఐదు తాళాలు ఒకేసారి నడిపించిన పంచముఖి ఆయనది; 1919లో మా ఊళ్ళో సంగీత కళాశాల తెరిచినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆయనే. 1945లో పోయారు. ఆయన లయను నువ్వూ వినలేదు, నేనూ వినలేదు. డెన్వర్ నుంచి వచ్చిన నలుగురు కుర్రవాళ్ళ డ్రమ్ములకు పరువు తేవడానికి ఆయన పేరు వాడుకుంటే, ఆయన గురించీ ఏమీ చెప్పినట్టు కాదు, వాళ్ళ గురించీ ఏమీ చెప్పినట్టు కాదు. ఊరి మీద ప్రేమ ఉంటే, ఆ పాట వింటున్న గదిలోంచి బయటకు ఏమి కనిపిస్తుందో రాయి, ఊరు దానంతట అదే వస్తుంది.

"చరిత్రలో మొట్టమొదటిసారిగా" అన్న మాట కొట్టేశాను. డెత్ మెటల్ ఇతర సంగీతాలతో కలవడం నిన్న మొన్నటి సంగతి కాదు. 1993లోనే ఫ్లోరిడాకు చెందిన సినిక్ బృందం దానిలోకి జాజ్‌ను తెచ్చిందని నాకంటె నీకే బాగా తెలుసు, నీ పాత ఉత్తరంలో నువ్వే రాశావు.

బ్లాక్ సబ్బాత్ బృందంలో గిటారు వాయించిన టోనీ అయోమీ కథను మాత్రం ఉంచు. బర్మింగ్‌హామ్‌లో రేకుల కార్ఖానాలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయి, ఆ నొప్పితో వాయించడానికి తేలికగా ఉండాలని ఆయన తీగలు వదులు చేసుకోవడం, ఆ వదులుకు స్థాయి దిగి ధ్వని బరువెక్కడం, ఆ బరువే తరువాతి వాళ్ళందరికీ పునాది కావడం, ఇదంతా విన్నవాడికి ఒక ప్రశ్నకు జవాబు దొరుకుతుంది: ఇది ఇంత కిందికి ఎందుకు మోగుతుంది అని. కాబట్టి ఆ ప్రశ్న పుట్టే చోట, రెండో పేజీలో, ఆ కథ పెట్టు. ఆఖరి పేజీలో కొసరు వేసినట్టు పెడితే ఎవరికీ అక్కరకు రాదు. బెర్లిన్ విషయమూ అంతే. వాళ్ళు హన్సా స్టూడియోకు వెళ్ళి రికార్డు చేశారనీ, అది ఒకప్పుడు బెర్లిన్ గోడ పక్కనే ఉండేదనీ, 1967లో ఆ నగరంలోనే మొదలైన టాంజరిన్ డ్రీమ్ అనే ఎలక్ట్రానిక్ సంగీత బృందం నుంచి థోర్‌స్టెన్ క్వేష్నింగ్ వచ్చి సింథసైజర్ వాయించాడనీ పదో పేజీలో వివరాల జాబితాలా ఇచ్చావు. మొదటి రచనలో రెండో ఫలకం తెరుచుకునే చోట ఆ వివరం చెప్పి చూడు. అప్పటివరకూ గర్జించిన వాళ్ళు పక్కకు తప్పుకుని, ఆ ఇంటి మనిషికి పీట వేసి కూర్చోబెట్టడం పాఠకుడికి కనిపిస్తుంది. ఎక్కడెక్కడి రాగాలనో తెచ్చి అతికించుకున్నారని ఎవరైనా అనబోతే, నువ్వు వాదించకుండానే వాళ్ళకు జవాబు అందుతుంది.

వ్యాసాన్ని ఎర్ర సిరా గుర్తులతో తిరిగి పంపుతున్నాను. మొదటి మూడు పేజీలు నిర్దాక్షిణ్యంగా తీసేయమని నా సలహా. నాలుగో పేజీలోని బ్రాకెట్లు విప్పి అక్కడి నుంచి మొదలుపెట్టు. దసరా దాటిన మంగళవారం సిరిమాను చూడటానికి ఎలాగూ వస్తావు కదా, అప్పటికి కొత్త ప్రతి పట్టుకురా. మా మనవరాలి హెడ్‌ఫోన్ ఇక్కడే ఉంటుంది, కలిసి విందాం.

రాసే ముందు ఇంట్లో ఒక విషయం కనుక్కో. "అదే పాట" అని నువ్వు చెప్పిన తరువాత మీ అమ్మగారు ఆ గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డారు? పొయ్యి మీద కూర ఉంది కదా. ఆ గొంతు మళ్ళీ మొదలైనప్పుడు ఆవిడ ఇంకా అక్కడే ఉన్నారా, అప్పటికే వెళ్ళిపోయారా?