జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఉద్యోగంలో ఉన్న అమ్మాయిని మళ్ళీ చదివించడం దండగా?

గుణుపూర్ నుంచి ఒక తండ్రి అడిగారు: స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చాక, జీతం వదులుకుని రెండేళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ (డిప్లొమా నర్సులు చదివే నర్సింగ్ డిగ్రీ) చదవాలా అని. చదివించండి. పర్లాకిమిడి వైపు లేబర్ రూంలో ఏళ్ల తరబడి డ్యూటీ చేస్తున్నదాన్ని, చూసిందే చెప్తున్నాను.

ఒక రాత్రి సవర గిరిజనుల ఊరి నుంచి ఫిట్స్‌తో ఒక గర్భిణిని తెచ్చారు. తొలి చూలు. మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టాక ఫిట్స్ ఆగాయి. ఇక నాలుగు గంటలకోసారి ఇంజెక్షన్. తెల్లవారుజామున, కొత్తగా చేరిన అమ్మాయి టైం అయిందని సిరంజి నింపుకొచ్చింది. పోస్ట్ బేసిక్ చదివొచ్చిన మా సీనియర్ అక్క "ఆగమ్మా" అని మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టింది. కాలు ఎగరలేదు. మళ్ళీ తట్టింది, లేదు. యూరిన్ బ్యాగులో నాలుగు గంటల్లో 100 మిల్లీలీటర్లు కూడా లేవు. ఆ మందు మూత్రంలోనే పోవాలి. పోకపోతే ఒంట్లో పేరుకుని ముందు మోకాలి కదలిక పోతుంది, తర్వాత ఊపిరి ఆగుతుంది. అక్క డోసు ఆపించి, డాక్టరుగారిని లేపి, విరుగుడు మందు కాల్షియం గ్లూకోనేట్ సిద్ధం చేసింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికెళ్లారు.

ఇవన్నీ జీఎన్‌ఎంలోనూ చెప్తారంటారు. చెప్తారు. ఎందుకు చూడాలో బుర్రకెక్కిన మనిషే నిద్ర ముంచుకొచ్చే వేళ కూడా చూస్తుంది. 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తొమ్మిది యూరప్ దేశాల ఆసుపత్రుల లెక్కలు వచ్చాయి: డిగ్రీ ఉన్న నర్సులు 10 శాతం ఎక్కువున్న చోట, ఆపరేషన్ రోగులు చనిపోయే అవకాశం 7 శాతం తక్కువ. ఒక్కో నర్సు మీద ఇంకో రోగి పెరిగితే ఆ అవకాశం 7 శాతం ఎక్కువ! ఈ రెండో లెక్క మన ఆఫీసర్లకు ఎవరూ చెప్పరు. చదువుకోమంటారు, సెలవడిగితే బదులు మనిషి లేదంటారు. చదివొచ్చాక అదే జీతం, అవే నైట్ డ్యూటీలు. ఆంధ్రలోని పాతపట్నం నుంచి ఒడిశాలోని పర్లాకిమిడికి నడిచి వెళ్ళొచ్చు, కానీ ఆంధ్రలో చదివినవాళ్లు ఒడిశా నర్సుల కౌన్సిల్‌లో మళ్ళీ రిజిస్ట్రేషన్ కోసం కాళ్లరిగేలా తిరగాలి. ఇది ఎవరు బాగుచేస్తారో!

కాలేజీకి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ముందు చూడండి. రాజీనామా ఇచ్చేలోపే ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికి తీసుకోమనండి. నా స్నేహితురాలివి ఒక ప్రైవేటు ఆసుపత్రివాళ్లు అడ్మిషన్ల గడువు దాటేదాకా ఇవ్వలేదు.