వరంగల్ దిక్కు చెట్లు చూడాలంటే ఆకులు రాలాకే రండి

డిగ్రీలో బోటనీ చదివే అమ్మాయిని తీసుకొని వరంగల్ చుట్టుపక్కల బొటానికల్ గార్డెన్‌లు, అర్బోరేటంలు (రకరకాల చెట్ల తోటలు) చూపించాలని, వానాకాలం అడవి పచ్చగా ఉన్నప్పుడు వస్తే బాగుంటుందా అని ఒకరు అడిగారు. నేను హనుమకొండలోనే ఉంటాను. చుట్టాల పిల్లలు ఎవరొచ్చినా చెట్లు చూపించే పని నా మీదే పడుతుంది. నన్నడిగితే వానాకాలం వద్దు. శివరాత్రికి, ఉగాదికి మధ్యలో రండి.

మాది ఆకురాల్చే అడవి. వానల్లో అంతా ఒకటే పచ్చదనం. అందులో ఏది మద్దో ఏది ఏగిసో కొత్తవాళ్ళకు చచ్చినా తెలియదు. ఫిబ్రవరికల్లా ఆకు రాలిపోయి బెరళ్ళు బయటపడతాయి. మోదుగ, బూరుగు, కొండగోగు ఆకు లేని కొమ్మల మీదే పూస్తాయి కాబట్టి కదులుతున్న బస్సులోంచి కూడా గుర్తుపట్టొచ్చు.

మొదట కాకతీయ యూనివర్సిటీకి పొండి. బోటనీ డిపార్ట్‌మెంట్ తోట ఉంది. పని దినాల్లో వెళ్ళి, డిపార్ట్‌మెంట్‌లో అడిగి లోపలికి పోవడం మర్యాద. అమ్మాయి కాలేజీ నుంచి ఒక లెటర్ తెచ్చుకుంటే ఇంకా మంచిది. శాస్త్రీయ నామాలు, కుటుంబాలు అక్కడే వల్లె వేయించండి. అడవిలో చెట్టుకు బోర్డు ఉండదు కదా. హంటర్ రోడ్‌లో జూ కూడా ఉంది కానీ అక్కడ పిల్లలు జంతువులను వదిలి చెట్ల వైపు చూడరు.

అసలు అర్బోరేటం అంటే నా లెక్కలో పాకాలే. నర్సంపేట దాటాక, వరంగల్ నుంచి 50 కిలోమీటర్ల దూరం. గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన చెరువు అది. చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యం చేశారు. అక్కడ నల్లమద్ది బెరడు మీద చెయ్యి పెట్టించండి. మొసలి వీపులా గళ్ళుగళ్ళుగా పగిలి ఉంటుంది. తెల్లమద్ది మాను నున్నగా, తెల్లగా, పొరలు పొరలుగా ఊడుతూ నీటి ఒడ్డునే ఉంటుంది. రెండూ టెర్మినేలియా అనే ఒకే ప్రజాతి చెట్లే. పుస్తకంలో ఒక పేజీలో పక్కపక్కనే ఉండే ఈ రెంటినీ ఒక్కసారి తాకి చూస్తే మళ్ళీ కలగాపులగం కావు.

రెండో రోజు వీలుంటే ములుగు, పస్రా మీదుగా తాడ్వాయి అడవికి పొండి. మార్చి నెలాఖరైతే పొద్దుగాలే చేరుకోవాలి, ఎందుకంటే ఇప్పపువ్వు రాత్రి విచ్చి తెల్లవారేసరికి రాలిపోతుంది. మావాళ్ళ పిల్ల తలెత్తి కొమ్మల్లో వెతుకుతుంటే పువ్వు ఏరుతున్న ఒక కోయ పెద్దమ్మ, "పైన ఏం చూస్తవ్ బిడ్డా, కింద చూడు" అని నవ్వింది. లేత పసుపు రంగులో, కండగా, వేలితో నొక్కితే తీపి నీరు కారే పువ్వు అది. వాసన మాత్రం అందరికీ పడదు, నాకూ పడదు. ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింద ఆకులు కాలుస్తారు. అడవి అంటుకోవడానికి అదీ ఒక కారణం. ఆ నల్లటి నేల చూసి అమ్మాయి అడుగుతుంది, చెప్పడానికి సిద్ధంగా ఉండండి.

అదే తాడ్వాయి అడవిలో 2024 ఆగస్టు 31న గాలివాన దాదాపు 50 వేల చెట్లను కూల్చింది. వేళ్ళతో సహా పెకిలిపోయాయి. చెట్టు వేరు నేలలో ఎంత లోతుకు పోతుందనేది పుస్తకంలో కన్నా అక్కడ బాగా అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త. ఫారెస్ట్ కాలేజీ, హార్టికల్చర్ యూనివర్సిటీ ములుగులో ఉన్నాయని చదివి చాలామంది మా ములుగు అనుకుంటారు. అవి ఉన్నది సిద్దిపేట జిల్లా ములుగు, గజ్వేల్ దగ్గర. ఫోన్‌లో మ్యాప్ పెట్టేటప్పుడు జిల్లా పేరు చూసుకోండి. రెండేళ్ళకోసారి మాఘంలో వచ్చే సమ్మక్క జాతర వారం మాత్రం తాడ్వాయి రోడ్డు జోలికి పోవద్దు, ఇసుకేస్తే రాలదు.

నిర్మల్ బొమ్మల పొణికి చెట్టు చూడాలనుంటే అది వేరే ప్రయాణం, కవ్వాల్, జన్నారం వైపు. విభాగాలవారీగా పెంచిన పెద్ద తోటే కావాలంటే హైదరాబాద్ కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కు పోవడమే, దానికోసం వరంగల్ దాకా రానక్కర్లేదు.

హెర్బేరియం షీట్లకు (పేపర్ల మధ్య నొక్కి ఎండబెట్టిన మొక్కలను అంటించేవి) నమూనాలు కావాలన్నా పాకాల, తాడ్వాయిల్లో ఒక్క రెమ్మ కూడా తెంపనివ్వకండి. రెండూ అభయారణ్యాలే, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. మోదుగ, తంగేడు, రేల ఊళ్ళ చెరువు కట్టల మీదే ఉంటాయి. చేను పక్కనైతే రైతును ఒక మాట అడిగి కోసుకోండి, పాత పేపర్లు మాత్రం ఎక్కువే తెచ్చుకోండి. మోదుగ పువ్వులో తడి ఎక్కువ, పేపర్ రోజూ మార్చకపోతే నల్లబడుతుంది.